మా నాయిన పనికి ఫ్రెంచిలో పేరు

మొన్న రాత్రి తొమ్మిది దాటినంక ఫోనొచ్చింది. నా దగ్గర పదో తరగతి దాకా చదువుకున్న పిల్ల. 2023లో పది పాసైంది. ఇప్పుడు పట్నంలో డిగ్రీ మొదటి సంవత్సరం. మా ఊరి పిల్ల కాదు గానీ మా కులం పిల్లే. దోస్త్ కౌన్సెలింగులో సిటీ కాలేజీలో సీటొచ్చింది. సెకండ్ లాంగ్వేజి దగ్గర తెలుగు పెట్టుకోకుండా ఫ్రెంచి పెట్టుకుంది. ఎందుకు పెట్టుకున్నవే అంటే "మార్కులు మంచిగ పడ్తయని సీనియర్లు చెప్పిన్రు మేడం" అంది. నేను తెలుగు టీచర్ని. నా ముఖం మీదనే అన్నది ఆ మాట.

"వచ్చే సోమారం ఇంటర్నల్‌కు నోటి పరీక్షంట మేడం. కుటుంబం గురించి చెప్పమంటరంట. మీ నాయిన ఏం పని జేస్తడు అని అడిగితే ఏం జెప్పాలె?"

"ఉన్నది చెప్పు."

"ఉన్నది చెప్పొచ్చా మేడం?"

ఆ ఒక్క ముక్కకు నా దగ్గర జవాబు లేకపోయింది. రేపు నేనే చేస్తనని పెట్టేశాను. ఆ పిల్లకు తెలియదు, 2010లో నేను కూడా ఫ్రెంచి నోటి పరీక్ష ముందు ఇదే ప్రశ్న పట్టుకొని రెండు రాత్రులు నిద్ర పోలేదని. నాకైతే ఫోన్ చేసి అడగటానికి ఎవరూ లేరు. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కింది నేనే మొదలు.

మాది నల్లగొండ జిల్లా. మా నాయిన మండల కేంద్రంలో చౌరస్తా కాడ వేపచెట్టు కింద చెప్పులు కుట్టేవాడు. ఆరె, రంపె, నీళ్ళ చిప్ప, మైనం ముద్ద, అదీ ఆయన ఆస్తి. మా తాత కాలంలో లంద ఉండేది, తంగేడు చెక్కతో తోళ్ళు ఊనేవాళ్ళు. నాకు ఊహ తెలిసేసరికి అది పూడిపోయింది, వాసన మాత్రం మా వాడ పేరుకు అంటుకొని ఉంది. అమ్మ నాట్లకు, కలుపుకు పోయేది. నేను తెలుగు మీడియంలో పది, సాంఘిక సంక్షేమ గురుకులంలో ఇంటరు, సర్కారు కాలేజీలో డిగ్రీ చేసి, 2009లో హైదరాబాదులో ఒక పెద్ద విశ్వవిద్యాలయంలో ఎమ్మే తెలుగులో చేరాను. దాని పేరు రాయను. పేరు రాస్తే అది ఒక్కదాని సంగతే అనుకుంటారు.

అప్పటిదాకా నాకు తెలిసిన పరీక్ష వేరు. ఏడాదికి ఒక్కసారి, మూడు గంటలు, హాల్ టికెట్ నంబరు. పేపరు ఎవరు దిద్దుతారో నాకు తెలియదు, నేనెవరో దిద్దేవాళ్ళకు తెలియదు. ఆ పద్ధతి మంచిదని చెప్పటం లేదు. బట్టీ పట్టిన వాళ్ళ రాజ్యం అది. కానీ అక్కడ నాకు ముఖం లేదు, పేరు లేదు, ఇంటిపేరు లేదు. ఒట్టి నంబరు. మనలాంటి వాళ్ళకు నంబరు కావటంలో కొంత రక్షణ ఉంటదని యూనివర్సిటీకి పోయినంకనే తెలిసింది.

అక్కడ క్రెడిట్ పద్ధతి. మొదటి వారం ఆ మాట వింటే నాకు బ్యాంకు గుర్తొచ్చింది, మాకెవరూ అప్పియ్యరు గదా అనుకున్నాను. తర్వాత అర్థమైంది. సెమిస్టరంతా వారానికి ఒక గంట పాఠం జరిగితే అది ఒక క్రెడిట్. వారానికి నాలుగు గంటల సబ్జెక్టు నాలుగు క్రెడిట్లు. వచ్చిన గ్రేడుకు ఒక పాయింటు ఉంటది. పాయింటును క్రెడిట్‌తో గుణించి, అన్నీ కూడి, మొత్తం క్రెడిట్లతో భాగిస్తే వచ్చేదే మన బతుకు. 2015 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో, 2016 నుంచి తెలంగాణలో డిగ్రీ కాలేజీల్లోకి కూడా ఈ పద్ధతే వచ్చింది. యూజీసీ చెప్పిన గ్రేడ్లు 'ఓ' అంటే పది పాయింట్లు, 'ఏ ప్లస్' అంటే తొమ్మిది, అట్లా దిగుకుంట 'పి' అంటే నాలుగు, 'ఎఫ్' అంటే సున్నా.

మా అమ్మకు ఇది చెప్తే ఆమెకు నాకంటే తొందరగా అర్థమైంది. కూలి గింజలు కొలిచే రోజుల్లో దొర దగ్గర రెండు మానికలుండేవట. తీసుకునేకాడ ఒకటి, ఇచ్చేకాడ ఒకటి. ఇచ్చే మానికలో కొలిచేటోడి బొటనవేలు లోపలుండేది. "మానిక ఎంతుందని కాదు బిడ్డా, ఎవలి చేతులుంది?" అంది. ఇంటర్నల్ మార్కుల గురించి ఇంతకంటే సూటిగా చెప్పిన విద్యావేత్తను నేనింకా చూడలేదు.

మా ఎమ్మేలో బయటి శాఖ నుంచి ఒక నాలుగు క్రెడిట్ల పేపరు తీసుకోవాలి. నేను ఫ్రెంచి మొదటి మెట్టు తీసుకున్నాను. మా హాస్టల్లో ఒక అన్న చెప్పాడు: "ఇంగ్లీషుల వాళ్ళతోని గెలువలేం చెల్లే. వాళ్ళ అమ్మలు జోలపాటలే ఇంగ్లీషుల పాడిన్రు. ఫ్రెంచి ఎవని అమ్మ పాడింది? అందరు సున్న కాడికెళ్ళే మొదలు." ఆ మాట నాకు బాగా నచ్చింది. ఇంకొకటి కూడా మనసులో ఉండె. సంస్కృతం నేర్చుకుంటానంటే బాబాసాహెబ్‌కు బడిలో నేర్పలేదు, పారశీకం తీసుకోవాల్సొచ్చింది. ఆయన 1913లో కొలంబియాకు పోయి చదివిన కోర్సుల లెక్కలో ఆర్థికశాస్త్రం, చరిత్రలతోబాటు ప్రాథమిక ఫ్రెంచి ఒకటి, ప్రాథమిక జర్మన్ ఒకటి ఉన్నాయి. 1921లో జర్మనీలో బాన్ విశ్వవిద్యాలయంలో చదవటానికి దరఖాస్తు కూడా పెట్టుకున్నాడు. మనం విగ్రహం చేతిలో పుస్తకం చూస్తాం, కోటు చూస్తాం. ఇరవై రెండేండ్ల మహర్ పిలగాడు ఎక్కడో న్యూయార్కులో కూర్చొని ఫ్రెంచి క్రియాపదాలు వల్లె వేసి ఉంటాడని ఎప్పుడన్నా తలుచుకున్నామా? నేను తలుచుకున్నాను. ఆ ధైర్యంతోనే ఫారం నింపాను.

మొదటి రోజు నిజంగానే అందరం సున్నా. ముప్పై మందిమి బోఁజూర్, బోఁజూర్ అని పిట్టల్లాగా అరిచాం. రెండు వారాలకు సంగతి బయటపడింది. క్లాసులో ఏడెనిమిది మంది బడిలో మూడేండ్లు, నాలుగేండ్లు ఫ్రెంచి చదివొచ్చినవాళ్ళే. తేలిగ్గా నాలుగు క్రెడిట్లు వస్తాయని మొదటి మెట్టులో చేరారు. వచ్చిన వాళ్ళెవరు, రానివాళ్ళెవరు అని చేర్చుకునే ముందు ఒక చిన్న పరీక్ష పెట్టి వేరు చేయాలి గదా. పెట్టలేదు. పెట్టే నియమం లేదన్నారు. ఇక మిగిలినవాళ్ళలో ఇంగ్లీషు మీడియం వాళ్ళకు సగం మాటలు ముందే తెలుసు. పాఠం చెప్పేదే ఇంగ్లీషులో. నేను ఫ్రెంచి నుంచి ఇంగ్లీషుకు, ఇంగ్లీషు నుంచి తెలుగుకు రెండు వాగులు దాటి ఒడ్డెక్కేసరికి వాళ్ళు తర్వాతి పాఠంలో ఉండేవాళ్ళు.

అయినా చెప్పాలి, ఆ భాష నాకు పట్టుబడింది. ముక్కుతో పలికే అచ్చులు వాళ్ళకు రాలేదు, నాకొచ్చినయి. అరసున్నలు వల్లె వేసినదాన్ని. 'మా మేర్' అంటే నా తల్లి. వాళ్ళ 'మా' విన్నప్పుడల్లా మన 'మా అమ్మ' లాగే ఉండేది. బల్ల ఆడది, పుస్తకం మగది అంటే క్లాసంతా నవ్వింది, నాకు నవ్వు రాలేదు. మన వ్యాకరణం మగవాణ్ణి మహత్తు అని, ఆడదాన్ని ఏకవచనంలో గొడ్డూగోదా, రాయీరప్పల్లో కలిపి అమహత్తు అంటుంది. వాళ్ళు నయం గదా, బల్లకు కూడా ఆడతనం ఇచ్చారు.

ఒకరోజు 'త్యు', 'వు' చెప్పారు. త్యు అంటే నువ్వు, వు అంటే మీరు. పిల్లలను, దగ్గరివాళ్ళను త్యు అనాలి. తెలియని పెద్దమనిషిని వు అనాలి. పుస్తకంలో కసాయి దుకాణం సంభాషణ ఉంది. కొనటానికొచ్చినామె కసాయాయనతో 'బోఁజూర్ మొస్యొ' అంటుంది. నమస్కారం అయ్యా అని. చివర 'సిల్ వు ప్లే', దయచేసి మీరు అని. మాంసం కొట్టే మనిషిని మీరు అంటున్నది! నేను ఆ పేజీ మళ్ళా మళ్ళా చదివాను. మా నాయిన వేపచెట్టు కింద తల వంచుకొని కుడుతుంటే, పదేండ్ల దొర పిలగాడు పేరు చివర 'య్య' తీసేసి 'గా' తగిలించి, చెప్పు కాలితోనే ఆయన ముందుకు తన్నటం నేను చూసిన. వాళ్ళ దేశంలో మనుషులంతా సమానమని నేనేమీ అనుకోలేదు. నల్లవాళ్ళనేం చేశారో, అల్జీరియాలో ఏం చేశారో చదువుకున్నదాన్నే. కానీ మాంసం కొట్టేవాడితో మాట్లాడే వాక్యంలో 'మీరు' అచ్చయి ఉండటం, అది తప్పు రాస్తే మార్కు కోయటం! అది నాకు కొత్త.

ఆ సాయంత్రం లైబ్రరీకి పోయి పెద్ద డిక్షనరీ తీసి మా నాయిన పనికి పేరు వెతికాను. 'కొర్దొన్యే'. పాఠ్యపుస్తకంలో డాక్టరు, ఇంజనీరు, జర్నలిస్టు, సెక్రటరీ ఉన్నారు, కొర్దొన్యే లేడు. అమ్మ పనికి 'ఊవ్రియేర్ అగ్రికోల్', వ్యవసాయ కూలీ. క్లాసులో అమ్మల కోసం ఒకటే మాట ఇచ్చారు, 'ఫామ్ ఒ ఫ్వాయే'. విడదీసి చూస్తే పొయ్యికాడి ఆడమనిషి. మా అమ్మ పొయ్యికాడ ఉన్నది తెల్లారకముందు గంట, పొద్దుగూకినంక గంట.

నోటి పరీక్షకు పది మార్కులు. ముగ్గురు ముగ్గుర్ని పిలిచారు. నా ముందమ్మాయి వాళ్ళ నాన్న డాక్టరని, అమ్మ ఫామ్ ఒ ఫ్వాయే అని, సెలవులకు ఊటీకి పోతామని గలగలా చెప్పింది. లింగాలు రెండు చోట్ల తప్పు పోయినయి. సార్ నవ్వుకుంటూ దిద్దారు. నా వంతు వచ్చింది.

"మొఁ పేర్ ఎ కొర్దొన్యే. మా మేర్ ఎ ఊవ్రియేర్ అగ్రికోల్."

సార్ తలెత్తి చూశారు. ఆ మాటలు ఆయన చెప్పినవి కావు. షాపుందా అని అడిగారు. లేదు, చెట్టు కింద పని చేస్తాడని ఫ్రెంచిలోనే చెప్పాను. చెట్టు అనే మాట పాఠంలో ఉంది. అప్పుడాయన పెన్ను కింద పెట్టి ఇంగ్లీషులో అన్నారు, మెల్లగానే, కోపం లేకుండా: "ఇక్కడ నిజం చెప్పనక్కర్లేదమ్మా. ఇది భాషా పరీక్ష మాత్రమే. రైతు అని చెప్పు చాలు."

తర్వాత ఆదివారం ఏం తింటారన్నారు. "ద్యు బఫ్" అన్నాను. పెద్దకూర. అదైతే పాఠంలోదే, కసాయి దుకాణంలో ఆమె కొన్నదదే. రెస్టారెంటు పాఠంలో అందరం కోరస్‌గా పలికిన మాటే. పాఠంలో పలికితే పాఠం. నా నోట్లో నుంచొస్తే పక్కనున్న ఇద్దరు ముఖం ముఖం చూసుకున్నారు. ఒకామె కుర్చీ కొద్దిగా జరిపింది. అది 2010. ఇంకో రెండేండ్లకు, 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో పెద్దకూర పండుగ చేసి విద్యార్థులు దెబ్బలు తిన్నప్పుడు నాకు ఆ కుర్చీ చప్పుడే గుర్తొచ్చింది.

పదిలో మూడు వేశారు. ఊటీ అమ్మాయికి తొమ్మిది.

సెమిస్టరు చివరి రాత పరీక్షలో అరవైకి నలభై ఏడు వచ్చినయి. లోపలి పరీక్షలు మూడింట్లో మంచివి రెండు లెక్కగడితే ముప్పైకి ఇరవై రెండు. అన్నీ కలిపి డెబ్బై రెండు. డెబ్బై అయిదుకు 'ఏ' గ్రేడు. నోటికి మూడు కాక ఆరొచ్చినా చాలు. ఒక గ్రేడు తగ్గితే నాలుగు క్రెడిట్లకు నాలుగు పాయింట్లు, సెమిస్టరు మొత్తం ఇరవై క్రెడిట్లు గనక భాగిస్తే సున్నా పాయింటు రెండు. దీనికేనా ఇంత రాద్ధాంతం అంటారు. అనండి.

నేను పోయి అడిగాను, ఏ తప్పులు చేశాను సార్ అని. "కాన్ఫిడెన్స్ లేదు, ఫ్లూయెన్సీ లేదు" అన్నారు. ఏ తప్పుకు ఎంత కోశారో చూపించే కాగితం లేదు. అట్లాంటి కాగితం ఉంటదని కూడా నాకప్పుడు తెలియదు. తర్వాత తెలిసింది. 2001లో యూరప్ వాళ్ళు భాష వచ్చినవాళ్ళను ఏ వన్ నుంచి సి టూ దాకా ఆరు మెట్లుగా పెట్టారు. ఫ్రెంచి ప్రభుత్వం ఇచ్చే డెల్ఫ్ పరీక్షలో వినటం, చదవటం, రాయటం, మాట్లాడటం ఒక్కోదానికి ఇరవై అయిదు. మాట్లాడే పరీక్ష మొదటి మెట్టులో మూడు ముక్కలు: తన గురించి చెప్పటం, ఎదుటివాళ్ళను అడగటం, దుకాణం లాంటి చోట మాట్లాడినట్టు నటించటం. ప్రతి ముక్కకు, ఉచ్చారణకు, మాటలకు, వాక్యానికి వేరు వేరు గడులు. తండ్రి ఎవరైనా, ఆ తండ్రి గురించి సాదా వాక్యం సరిగ్గా కట్టాడా లేదా అనేదే ఆ గడిలో ప్రశ్న. ఆ గడులుంటే దిద్దేవాడి మనసు మారదు, నాకు తెలుసు. కానీ బొటనవేలు మానికలో పెట్టటం కష్టమైతది. పెడితే కనబడ్తది.

సార్ కులమేంటో నేనడగలేదు. చెడ్డాయన అని కూడా రాయలేను. నాకు వినటానికి సీడీ ఆయనే ఇచ్చారు, వాపసు అడగలేదు. నామీద జాలితోనే రైతని చెప్పమన్నారేమో. నిజంగా నా నోరు తడబడి ఉంటది కూడా, రెండు రాత్రులు నిద్ర లేదు. నంబరు మీద రాసినప్పుడు నలభై ఏడు, ముఖం మీద మాట్లాడినప్పుడు మూడు. ఇది కులం అని కోర్టులో రుజువు కాదు. కాదు అని నా ఒంటికి రుజువు కాదు. సంఘంలో అన్నలు ఫిర్యాదు రాయమన్నారు. కాగితం కూడా తెచ్చిచ్చారు. నేను రాయలేదు. హాస్టల్ ఊడుతుందని భయం, ఇంకో మూడు సెమిస్టర్లున్నయని భయం. ఫ్రెంచి రెండో మెట్టు తీసుకుందామనుకున్నదాన్ని తీసుకోలేదు. పోయింది 0.2 కాదు, అదీ పోయింది.

ఇంతదాకా రాసి ఆపితే నాకు బాగానే ఉంటది. దెబ్బ తిన్నదాన్ని నేను, కొట్టింది వాళ్ళు. కానీ ఇంకోటి రాయాలి.

2017 టీఆర్టీలో రాసి 2019లో ఉద్యోగంలో చేరాను. 2022 జూన్‌లో బళ్ళలో ఇంగ్లీషు మీడియం మొదలైనప్పుడు మా స్కూల్లో ఇంగ్లీషు పోస్టు ఖాళీ. ఆరో తరగతి ఇంగ్లీషు నాకు అప్పజెప్పారు. ఫార్మేటివ్ మార్కులు వేయాలి. అందులో పిల్లల భాగస్వామ్యం, ప్రతిస్పందన అని ఒక గడి. నోరు తెరిచి మాట్లాడితే మార్కులు. ఒక్కొక్కర్ని లేపి 'వాట్ ఈజ్ యువర్ ఫాదర్' అని అడుగుతున్నాను. పుస్తకంలో ఉంది, అడిగాను. ఎస్సీ కాలనీ పిలగాడు ఒకడు లేచి 'కూలీ' అన్నాడు. వెనక బెంచీలో కిసుక్కున నవ్వారు. వాడు కూర్చున్నాడు. తెల్లారి మళ్ళా అడిగితే వాడే గట్టిగా "మై ఫాదర్ ఈజ్ ఏ ఫార్మర్" అన్నాడు. నేను "వెరీ గుడ్" అన్నాను. క్లాసుతో చప్పట్లు కొట్టించాను. ముందు రోజు రెండేసిన గడిలో నాలుగు వేశాను.

రిజిస్టరు మూసి ఇంటికి పోయి అన్నం పెట్టుకున్నంక గానీ నాకు తట్టలేదు, నేనేం చేశానో. వానికి సెంటు భూమి లేదు. వాని అబద్ధానికి రెండు మార్కులెక్కువ వేసింది నేను. మాదిగ టీచర్ని. అంబేడ్కర్ ఫొటో టేబుల్ మీద పెట్టుకునేదాన్ని. ఆ సార్ నాకు మాటతో చెప్పాడు, నేను వానికి చప్పట్లతో చెప్పాను.

మర్నాడు మా నాయిన చెప్పులు కుట్టేవాడని క్లాసులో చెప్పాను. ఇంగ్లీషులో ఏమంటారో బోర్డు మీద రాశాను. మీ ఇండ్లల్లో పనులన్నీ తెలుగులో చెప్పండి, ఇంగ్లీషు మాట వెతుకుదాం అన్నాను. తాపీ, హమాలీ, బీడీలు, గొర్లు, బట్టలుతకటం, బోరుబండి, బోర్డు నిండిపోయింది. కొన్నిటికి నాకే మాట రాలేదు. ఆ పిలగాడు మాత్రం ఆ రోజు నోరు తెరవలేదు. సంవత్సరమంతా ఫార్మర్ అనే అన్నాడు. నేర్చుకున్నది నేర్చుకున్నాడు.

పట్నం పిల్లకు మర్నాడు పొద్దున ఫోన్ చేశాను. ఉన్నది చెప్పమన్నాను. ఒకవేళ తక్కువేస్తే ఏ తప్పుకు ఎంత కోశారని కాగితం మీద అడగమన్నాను, పక్కన ఇంకో ఇద్దర్ని తోడు తీసుకపోయి అడగమన్నాను. నేను చేయని పని ఆ పిల్లకు చెప్తుంటే గొంతు కొంచెం పట్టింది.

"ఇంతకు నాయిన ఇప్పుడేం పని జేస్తున్నడే? ఊర్ల ఉన్నప్పుడు మేస్త్రీ కింద పోయేటోడు గదా."

"పట్నమొచ్చినంక చెత్త ఆటో మేడం. ఇండ్ల పొంట చెత్త ఎత్తుకచ్చుడు."

నా దగ్గర ఒక పాత ఫ్రెంచి డిక్షనరీ ఉంది. కోఠిలో ఫుట్‌పాత్ మీద కొన్నది, అట్ట ఊడిపోయింది. ఫోన్ చెవికి పెట్టుకునే వెతికాను. దొరికింది. 'ఎబువర్'. బురద అనే మాట నుంచి పుట్టింది. మూడుసార్లు పలికించాను. చివరి 'ర' గొంతులో నుంచి రావాలంటే నవ్వింది. "కొర్దొన్యే కంటే అల్కగున్నది మేడం" అంది. నేను చెప్పిన కథంతా వింది గదా.

తర్వాత కొంచెంసేపు ఏం మాట్లాడలేదు.

"మేడం, ఇది మగోళ్ళకా, ఆడోళ్ళకా?"

"మగవాళ్ళకు."

"అమ్మ గూడ అదే ఆటో మీద పోతది మేడం. నాయిన నడుపుతడు, అమ్మ ఎత్తి పోస్తది."

డిక్షనరీలో మళ్ళా చూశాను. ఆ మాట పక్కన మగలింగం గుర్తు ఒక్కటే ఉంది. కళ్ళద్దాలు తుడుచుకొని పైన కింద చూశాను, ఇంకేం లేదు. సోమవారానికి ఇంకా నాలుగు రోజులుంది, కనుక్కొని చెప్తానన్నాను.